మూడు మిల్లీమీటర్ల ఓక్

"అట్టలు పరవడమేమిట్రా, వచ్చేది ఫాదరా, గోడలకి సున్నం వేసేవాడా?" అన్నారు అత్తయ్య.

"నేలకి ఆ తేడాలు తెలీవమ్మా. తడి బూటు తడి బూటే," అన్నాడు మా ఆయన లెషెక్. "ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉంది. తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా నాలుగు ముక్కలు వేస్తే సరిపోతుంది."

"మీ నాన్న ఉంటే ఈ మాట అనేవాడివి కావు."

"నాన్న ఉంటే ఆయనే కోసి వేసేవాడు."

ఈ గొడవ సోమవారం మొదలైంది. ఆరోజు గురువారం. శనివారం సాయంత్రం నాలుగు తరవాత మా భవనంలో మా మెట్లవైపు ఇళ్ళన్నీ దీవించడానికి ఫాదర్ వస్తారని కింద వీధి తలుపు మీద కాగితం అంటించి ఉంది. ప్రతి జనవరిలోనూ అంటిస్తారు. ప్రతి జనవరిలోనూ మా ఇంట్లో ఇదే గొడవ. అట్టలు ఒక్కటే ఈ ఏడాది కొత్త.

మా ఇంట్లో బూట్లతో గడప దాటినవాళ్ళు లేరు. తలుపు పక్కన వెదురు బుట్టలో ఏడు జతల ఉన్ని చెప్పులుంటాయి. గ్యాసు మీటరు చూసేవాడైనా, మా అమ్మాయి కింగా స్నేహితులైనా, నా చిన్నప్పటి టీచరమ్మైనా బూట్లు విప్పి వాటిలో కాళ్ళు పెట్టాల్సిందే. మామగారికి గుండె నొప్పి వచ్చిన రోజు అంబులెన్సు వాళ్ళకి కూడా అత్తయ్య బుట్ట చూపించారు. వాళ్ళు వేసుకోలేదు. ఆ సంగతి ఆవిడ పదేళ్ళుగా చెప్తూనే ఉన్నారు, మామగారు బతికి బయటపడిన సంగతి కంటే ముందు. ఆయన ఆ తరవాత ఆరేళ్ళు ఉండి, నిద్రలో పోయారు.

ఫాదర్‌ని మాత్రం ఎవరూ అడగరు. మా ఇంట్లోనే కాదు, ఈ మెట్ల మీద ఏ ఇంట్లోనూ అడగరు. బూట్లు విప్పమని ఫాదర్‌కి చెప్పడం, టోపీ తీయమని బిషప్‌కి చెప్పడం లాంటిదని అత్తయ్య అంటారు. మా వూచ్ నగరంలో జనవరి నెలంతా పేవ్‌మెంట్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుమంచు బూట్ల కింద కరిగి మా గది చెక్క నేల మీదికి వస్తుంది. తలుపు నుంచి బల్ల దాకా ఏడడుగులు, ఆయన కూర్చునే కుర్చీ కింద రెండు పెద్ద అచ్చులు. మర్నాటికి అవి తెల్లగా పొడిబారతాయి. సన్నని ఇనుప పీచు టర్పెంటైన్‌లో ముంచి, చెక్క గీత వెంబడి రుద్ది, మళ్ళీ పలచగా మైనం పెడితే పోతాయి. ఫిబ్రవరి అంతా పడుతుంది. ఇరవై రెండు ఫిబ్రవరులు నేను అదే పని చేశాను.

ఇంతకీ నేలకి మైనం పెట్టేది ఎప్పుడంటే, ఫాదర్ వచ్చే ముందురోజు. ఆయన కోసమే. ఏడాదికి ఒక్కసారి బూట్లతో వచ్చే మనిషి కోసం ఏడాదికి ఒక్కసారి నేల మెరిపిస్తాం. ఇందులో తప్పేమైనా ఉందని మా భవనంలో ఎవరూ అనగా నేను వినలేదు. నేనూ అనలేదు.

అక్టోబరులో అత్తయ్య నడవాలో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పటినుంచి లెషెక్ వార్నిష్ మాట ఎత్తాడు. మైనమంతా యంత్రంతో గీకించేసి మూడు పూతలు వార్నిష్ కొట్టిస్తే జారదు, మెరుస్తూనే ఉంటుంది, తడిగుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు, ఎవరూ కింద కూర్చుని రుద్దక్కర్లేదు.

"జారింది నేల వల్ల కాదు," అన్నారు అత్తయ్య. "నా చెప్పు అడుగు అరిగింది."

"ఆ చెప్పు నేనే పారేశాను. కొత్త దానిలా ఉంది."

"నీకు చెప్పుల గురించి ఏం తెలుసు?"

ఈ నేల అత్తయ్య కాపురానికి వచ్చినప్పటినుంచీ ఉంది. అంతకు ముందునుంచీ ఉంది. యుద్ధానికి ముందు నూలుమిల్లు అధికారి ఒకాయన కట్టించిన భవనం ఇది. చేపముల్లులా ఏటవాలు వరుసల్లో పేర్చిన ఓక్ చెక్క పలకలు, ఒక్కొక్కటీ మూర కంటే చిన్నది. సాయంత్రం వెలుగు పడమటి కిటికీలోంచి పడితే ఒక వరుస ముదురుగా, ఒక వరుస లేతగా కనిపిస్తుంది. నాకు అది ఇష్టం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగలేదు.

గొడవ మొదలైన మర్నాడు, మంగళవారం, వాలెంటి గారు వచ్చారు. చెక్క నేలల పనిలో ఈ పేటలో మిగిలిన పాతవాళ్ళలో ఆయనొకరు. సంచిలో తన సొంత చెప్పులు తెచ్చుకున్నారు. అది చూసి అత్తయ్య మెత్తబడ్డారు. ఆయన మోకాళ్ళకి తోలు పట్టీలు కట్టుకుని, గదంతా పాకుతూ వేలి కణుపుతో కొట్టి విన్నారు. గదిని వేడిచేసే రేడియేటర్ దగ్గర వదులైన పలక ఒకటి కత్తి మొనతో పైకి లేపి, పక్కకి తిప్పి, కొలిచే పట్టకారు పెట్టి చూశారు.

"మంచి సరుకు," అన్నారు. "ఇప్పుడు ఇలాంటిది దొరకదు. ఎన్నిసార్లు గీకించారు?"

"మా పెళ్ళప్పుడు ఒకసారి," అన్నారు అత్తయ్య. "వీడు పుట్టాక ఒకసారి. వీడి పెళ్ళికి ఒకసారి."

"అంటే మూడు. అంతకు ముందు ఇంకెన్నో." ఆయన పలక అంచు మాకు చూపించారు. పక్క పలకలోకి దూరే నాలుక మధ్యలో ఉంది. దానికి పైన ఉన్న చెక్కని గోటితో చూపించారు. "ఈ పైది మూడు మిల్లీమీటర్లు ఉంది, పోనీ మూడున్నర. ఒకసారి గీకితే ఒకటిన్నర పోతుంది. తరవాత ఇంకోసారి గీకారంటే నాలుక బయటపడి, పలకలు పియానో మెట్లలా లేస్తాయి."

"అంటే ఇంకోసారికి ఉందన్నమాట," అన్నాడు లెషెక్.

"ఉంది. ఒక్కసారికి."

"వార్నిష్ ఎన్నాళ్ళుంటుంది?"

"చెప్పులతో నడిచే ఇల్లు కాబట్టి పదిహేనేళ్ళు. అది అరిగాక అతుకులు వేయడానికి కుదరదు, మొత్తం గీకాలి. గీకడానికి ఇక చెక్క ఉండదు." ఆయన పలకని దాని చోట్లో పెట్టి అరచేత్తో నొక్కారు. "మైనమైతే గీకక్కర్లేదు. పెడుతూ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. మీ మనవరాలి మనవలు కూడా దీని మీద నడుస్తారు. పెట్టేవాళ్ళుంటే."

"విన్నావా?" అన్నారు అత్తయ్య కొడుకుతో.

"విన్నాను. నువ్వు తుంటి విరగ్గొట్టుకున్నా నేల మాత్రం ఉంటుంది."

వాలెంటి గారు చెప్పులు సంచిలో పెట్టుకుంటూ, మార్చిలో ఒక వారం ఖాళీ ఉందని, శనివారం రాత్రిలోగా ఫోను చేయకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పారు. ఎవరితో చెప్తున్నారో తెలియనట్టు ముగ్గురి వైపూ చూశారు.

శుక్రవారం నేను ఆసుపత్రికి సెలవు పెట్టాను. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో నా ఉద్యోగం. జనవరిలో ఈ ఒక్కరోజు సెలవు ఎందుకని మా డాక్టరు అడగడం మానేశారు. లెషెక్ ఆఫీసుకి వెళ్ళేముందు బల్ల, కుర్చీలు జరిపాడు. బీరువా జరపలేదు, అది కదలదు.

ముందు మెత్తని చీపురుతో ఊడ్చాలి. ఒక్క ఇసుక రేణువున్నా మైనంతో పాటు చెక్కలోకి దిగి గీత పడుతుంది. నీళ్ళు దగ్గరికి రానివ్వకూడదు. పిండి పిండి తడి పోయిన గుడ్డతో ఒక్కసారి తుడవాలి. డబ్బా మూత తీస్తే గదంతా టర్పెంటైన్, తేనెటీగల మైనం వాసన. ఉన్నిగుడ్డ ముడి కట్టి, మైనాన్ని వేలికి తగిలీ తగలనట్టు తీసుకుని, ఒక్కో పలకకీ దాని గీత వెంబడి పట్టించాలి. చేపముల్లు వరుస కాబట్టి ఒక పలకకి చెయ్యి ఇటు, పక్క పలకకి అటు. మందంగా పెడితే అంటుకుంటుంది, మరకలవుతుంది. మోకాళ్ళ కింద పాత దుప్పటి నాలుగు మడతలు వేసుకున్నాను.

అత్తయ్య రేడియేటర్ పక్కన కుర్చీలో కూర్చున్నారు. కట్టు విప్పినా చెయ్యి ఒడిలోనే పెట్టుకుంటారు.

"కిటికీ వైపు ఇంకొంచెం పలచన."

"పలచనే అత్తయ్యా."

"ఆ మూల మర్చిపోయావు."

"వస్తున్నాను దానికి."

"నేను మూల నుంచి మొదలుపెట్టేదాన్ని."

"తెలుసు."

ఆవిడ నన్ను వేధించాలని అనలేదు. ఆవిడ మనసులో ఆ పని ఆవిడే చేస్తున్నారు. అలవాటు చొప్పున కుడిచెయ్యి ఒడిలో చిన్నచిన్న వృత్తాలు తిప్పుతోంది.

నాలుగింటికి ఆరింది. బ్రష్షుకి ఉన్న తోలుపట్టీలో కుడికాలు దూర్చి, గదంతా ముందుకీ వెనక్కీ తోస్తూ మెరుగు పెట్టాలి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది చూసేవాళ్ళకి. కింగా చిన్నప్పుడు నా వెనక దుప్పటి మీద కూర్చుని లాగించుకునేది. ఈసారి సగం గదికే కుడి మోకాలు బిగుసుకుపోయింది. మిగతా సగం ఎడమకాలితో చేశాను, సరిగా రాలేదు.

నవంబరులో ఎముకల డాక్టరు నా మోకాళ్ళకి ఎక్స్‌రే తీసి చూసి, మోకాళ్ళ మీద కూర్చునే పనులుంటే మానేయండి అన్నాడు. అలాంటివి ఏమీ లేవని చెప్పాను. అబద్ధం చెప్పానని అనిపించలేదు. ఇది పని అని అప్పుడు తట్టలేదు.

లెషెక్ సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. "బాగుంది," అన్నాడు. "ఇదే ఆఖరిసారి అనుకో."

"ఎవరన్నారు ఆఖరిసారని?" అన్నారు అత్తయ్య.

అట్టల విషయం ఆవిడే గెలిచారు. ఏమీ పరవలేదు. పైగా ఫాదర్ కంటపడితే బాగుండదని చెప్పుల బుట్ట బీరువాలో దాచేశారు.

శనివారం అయిదింటికి ఫాదర్ కొర్నెల్ వచ్చారు. పాత ఫాదర్ రిటైరయ్యాక సెప్టెంబరులో వచ్చిన కుర్ర ఫాదర్, ముప్పై దాటి ఉండవు. కింగా తలుపు తీసింది. ఆయన లోపలికి అడుగు పెట్టబోయి, ఆగి, గాలి పీల్చి, వంగి బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు.

"ఫాదర్, వద్దు వద్దు. అలాగే వచ్చేయండి," అన్నారు అత్తయ్య.

"ఈ వాసన నాకు తెలుసమ్మా. ఇలాంటి నేల మీద బూట్లతో నడిచానని తెలిస్తే మా అమ్మ చెవి మెలేస్తుంది."

"మీరు ఫాదరు కదా."

"మా అమ్మకి ఇంకా ఆ నమ్మకం కుదరలేదు."

బూట్లు విప్పి గడప అవతల పెట్టారు. కుడి మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. అత్తయ్య ఎటు చూడాలో తెలియక గోడ మీది శిలువ వైపు చూశారు. "చెప్పులుంటాయా ఏమైనా?" అని ఆయన అడిగితే కింగా బీరువా తలుపు తీసి బుట్ట మొత్తం బయటికి లాగింది. ఆయన కాలికి సరిపోయినవి మామగారి గళ్ళ చెప్పులొక్కటే.

"ఇవి మా ఆయనవి," అన్నారు అత్తయ్య నెమ్మదిగా.

"అభ్యంతరమా అమ్మా?"

"లేదు. వేసుకోండి."

తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుని ఆయన టీ తాగారు, గసగసాల కేకు ఒక ముక్క తిన్నారు. కింగా చదువు, లెషెక్ ఆఫీసు, అత్తయ్య చెయ్యి, అన్నీ అడిగారు. మాటల మధ్యలో ఆయన చూపు మాటిమాటికీ నేల మీదికి పోతోంది.

"ఇంత బాగా ఎవరు చేస్తారు దీన్ని?"

"నేనే," అన్నారు అత్తయ్య.

"అందరం కలిసి," అన్నాడు లెషెక్.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. కింగా టీ గ్లాసులోకి చూసింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడుతున్నట్టు లేదు. అత్తయ్య ముప్పై ఏళ్ళు చేశారు, తరవాత ముప్పై ఏళ్ళ అనుభవంతో కుర్చీలో కూర్చున్నారు. లెషెక్ బల్ల జరిపాడు. నేను ఫాదర్ ఖాళీ ప్లేటు తీసి వంటింట్లో పెట్టి వచ్చాను.

వచ్చేసరికి ఫాదర్ లేచి నిలబడ్డారు. దీవెన వేళ మా ఇంట్లో అందరూ మోకరిస్తారు, ఇది అత్తయ్య అత్తగారి కాలం నుంచి ఉన్న పద్ధతి. లెషెక్ మోకరించాడు, కింగా మోకరించింది, అత్తయ్య బల్ల పట్టుకుని మెల్లగా దిగారు. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"మిర్కా," అన్నారు అత్తయ్య కింద నుంచి.

"నేను ఇలాగే ఉంటానత్తయ్యా."

"డెబ్బై తొమ్మిదేళ్ళదాన్ని నేను దిగాను. ఫాదర్ ముందు నువ్వు మోకరించలేవా?"

"నిన్న పొద్దున్న తొమ్మిది నుంచి మూడు దాకా మోకాళ్ళ మీదే ఉన్నాను. ఈ ఏటికి అయిపోయింది."

నేను గొంతు పెంచలేదు. నాకే ఆశ్చర్యమేసింది, ఎంత మామూలుగా వచ్చేసిందో ఆ మాట. లెషెక్ తల తిప్పి నా వైపు, తరవాత నేల వైపు చూశాడు. అతను ఆ నేలని చూడడం నేనెరుగుదును కాని, అంత దగ్గరి నుంచి చూడడం ఎరగను.

"నిలబడినవాళ్ళకీ దీవెన అందుతుందమ్మా," అన్నారు ఫాదర్ అత్తయ్యతో. ప్రార్థన చదివి, పవిత్రజలం నాలుగు వైపులా చల్లారు. నీళ్ళు మైనం మీద పూసల్లా నిలబడ్డాయి. ప్రతి ఏడూ ఫాదర్ అటు తిరగ్గానే గుడ్డ తెచ్చి తుడిచేదాన్ని. ఈసారి కదల్లేదు. అత్తయ్య కాసేపు చూసి, జేబురుమాలు తీసి, తన చేతికి అందినంత మేర తుడిచారు.

ఫాదర్ దీవెన గుర్తుగా గుమ్మం పైన సుద్దతో ఏడాది అంకె రాసి, బూట్లు తొడుక్కుని పై అంతస్తుకి వెళ్ళిపోయారు. నేను చెప్పులు బుట్టలో పెట్టి, నడవాలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి వాలెంటి గారికి ఫోను చేశాను. రెండు నిమిషాలు పట్టింది. ఆయన "ఖాయమేనా?" అని ఒకసారి అడిగారు. ఖాయమే అన్నాను.

భోజనానికి బార్లీ సూపు, ఉప్పు చేప, ఉడకేసిన బంగాళాదుంపలు. లెషెక్ సూపు చల్లార్చుకుంటూ మొదలుపెట్టాడు.

"ఇవాళ వాలెంటి గారికి చెప్పాలమ్మా. ఏమంటావు?"

"నేనెప్పుడో అన్నాను. నేనున్నన్నాళ్ళు మైనమే. ఇవాళ ఫాదర్ కూడా మెచ్చుకున్నారు."

"ఫాదర్ మెచ్చుకున్నారని నీ ఎముకలు గట్టిపడవు."

"వార్నిష్ వేస్తే పదిహేనేళ్ళకి నేలే పోతుందని వాలెంటి గారే చెప్పారు కదా నాన్నా," అంది కింగా. "అది కొంచెం ఘోరంగా లేదూ?"

"అలా అయితే నువ్వు పెట్టు మైనం."

"నాకు పరీక్షలున్నాయి."

"చూశావా," అన్నాడు లెషెక్, ఎవరితోనో తెలియకుండా.

"పిల్లని ఎందుకు లాగుతావు? మిర్కా ఉందిగా," అన్నారు అత్తయ్య.

అని, గరిటె అందుకోబోయి ఆగారు. నేను అత్తయ్య గిన్నెలో ఇంకో గరిటె సూపు పోశాను.

"నేను ఫోను చేసేశాను," అన్నాను. "గీకించమని చెప్పాను. మూడు పూతల వార్నిష్, మెరుపు తక్కువది."

లెషెక్ నవ్వబోయాడు. "మరి ముందే చెప్పొచ్చుగా, వారం నుంచి నేను—"

"నువ్వు చెప్పావని కాదు లెషెక్. నీ లెక్క వేరు."

"నన్ను అడగలేదు," అన్నారు అత్తయ్య.

"లేదత్తయ్యా. మిమ్మల్నీ అడగలేదు, అతన్నీ అడగలేదు."

"అది ఆఖరిది. ఇంక చెక్క లేదన్నాడు ఆయన."

"ఆఖరిదే. పదిహేనేళ్ళు వస్తుంది. అప్పటికి నాకు అరవై తొమ్మిది."

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఏముంటుందో నాకు తెలీదు. నా మోకాళ్ళు ఆ పదిహేనేళ్ళూ కావాలి."

అత్తయ్య చెంచా గిన్నెలో పెట్టి, బల్ల కింద కుడిపాదం కొద్దిగా కదిపారు, మా అందరికీ వినిపించేలా ఉన్ని చెప్పు నేల మీద జారింది. కింగా నా చేతి మీద చెయ్యి వేసి, వెంటనే ఉప్పు చేప ప్లేటు అందుకోవడానికి తీసేసింది.

"మార్చి తొమ్మిదిన వాళ్ళు వస్తారు," అన్నాను. "దుమ్మూ వాసనా వారం రోజులుంటాయి. అత్తయ్యా, మీరు పాబ్యానిత్సెలో మీ చెల్లెలి దగ్గర ఉండొచ్చు, రేపు మాట్లాడదాం. కింగా, నీ పుస్తకాలు వంటింట్లోకి. లెషెక్, ఎనిమిదో తారీకు సాయంత్రానికి బీరువాతో సహా గది ఖాళీ కావాలి."